తొలి రెండు నిమిషాల్లో ఎవరికి ఏం తెలుసు? విద్యార్థుల ఉత్కంఠ చిత్ర ప్రారంభాలు: ఒక పరిశీలన

చలనచిత్ర బోధనలో ‘థ్రిల్లర్ ప్రారంభం’ ఒక స్థిరమైన అభ్యాసంగా మారింది. విద్యార్థి పూర్తి చిత్రం తీయడు. లేని చిత్రానికి తొలి రెండు నిమిషాలు మాత్రమే తీస్తాడు. బ్రిటన్‌లోని ఓ.సి.ఆర్. పరీక్షా మండలి 2008లో ప్రారంభించిన మాధ్యమ అధ్యయన పాఠ్యక్రమం ఈ అభ్యాసానికి ఒక నిర్దిష్ట రూపం ఇచ్చింది. అందులో విద్యార్థులు ముందుగా ఒక చిన్న కసరత్తు చేయవలసి ఉండేది: ఒక పాత్ర తలుపు తీసుకుని వచ్చి, గది దాటి, కుర్చీలో కూర్చుని, ఎదుటి పాత్రతో రెండు మాటలు మాట్లాడాలి. కదలికల అతుకు, ఎదురెదురు షాట్ల పొందిక, నూట ఎనభై డిగ్రీల సూత్రం అందులో తేలిపోయేవి. ఆ తరువాత పేర్ల పట్టికతో సహా ఒక కల్పిత చిత్రపు ప్రారంభాన్ని రెండు నిమిషాలకు మించకుండా తీయవలసి ఉండేది. మొత్తం 100 మార్కుల్లో పరిశోధన, ప్రణాళికలకు 20, నిర్మాణానికి 60, స్వీయ మూల్యాంకనానికి 20 ఉండేవి. తెలుగు నేల మీద 2008లో రామానాయుడు ఫిల్మ్ స్కూల్, 2011లో అన్నపూర్ణ సంస్థ వారి చలనచిత్ర విద్యాలయం మొదలయ్యాయి. అయితే ఇటువంటి అభ్యాసం నేడు ఆ ఆవరణలకే పరిమితమై లేదు. చేతిలో ఫోను ఉన్న ఏ డిగ్రీ విద్యార్థికైనా అది అందుబాటులోకి వచ్చింది.

ఈ ప్రారంభాల్లో తరచుగా కనిపించే సామగ్రి మాత్రం ఆశ్చర్యం కలిగించేంత ఒకేలా ఉంటుంది. తల మీదికి టోపీ లాక్కున్న ముఖం లేని మనిషి, చీకటి నడవాలో అడుగుల చప్పుడు, గోడ నిండా అంటించిన ఫొటోలు, వాటిని కలుపుతూ ఎర్ర దారం, ఒక కత్తి, ఒక కేక, నల్లని తెర, దాని మీద వణికే అక్షరాలతో చిత్రం పేరు. ఎవరు, ఎక్కడ, ఎందుకు, ఎవరిని అనే నాలుగు ప్రశ్నలకూ ప్రేక్షకుడికి జవాబు ఉండదు. విద్యార్థి ఆ జవాబులేమినే ఉత్కంఠ అనుకుంటాడు. లోపం ఇక్కడ ఉంది. కెమెరా కదలికల్లోనో రంగుల దిద్దుబాటులోనో కాదు.

తెలిసిన కథలోనే ఉత్కంఠ

హిచ్‌కాక్ 1962లో ఫ్రాంస్వా త్రుఫోతో జరిపిన సంభాషణల్లో చెప్పిన బాంబు ఉదాహరణ చలనచిత్ర విద్యార్థులందరికీ తెలిసినదే. బల్ల కింద బాంబు ఉందని ఎవరికీ తెలియకుండా అది పేలితే, కొన్ని క్షణాల ఉలికిపాటు మాత్రమే మిగులుతుంది. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిసి, బల్ల చుట్టూ ఉన్నవారికి తెలియకపోతే వారు మాట్లాడుకునే పొడి మాటలు కూడా భరించరానివవుతాయి. ఈ సూత్రాన్ని వల్లించే విద్యార్థులే తమ చిత్రంలో దానికి సరిగ్గా వ్యతిరేకంగా నడుస్తారు. సూత్రం పరాయి పుస్తకంలోది కావడం అందుకు ఒక కారణం కావచ్చు. అదే ఎరుక మన నాటకంలోనూ జానపద గానంలోనూ ఉందని బోధనలో చెప్పేవారు తక్కువ.

విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’ ప్రథమాంకాన్నే తీసుకోవచ్చు. రాక్షసుని కుటుంబం చందనదాసు ఇంట తలదాచుకుని ఉంటుంది. ఆ ఇంటి నుంచి ఒక పసివాడు బయటికి పరుగెత్తుతాడు. లోపలి స్త్రీ ఒకతె చేయి చాచి అతణ్ణి వెనక్కి లాగుతుంది. ఆ తొందరలో ఆమె వేలి ఉంగరం జారి, గడప దాటి దొర్లి, చారుని కాళ్ల దగ్గర ఆగుతుంది. దాని మీద రాక్షసుని ముద్ర. ఆ ముద్రతోనే చాణక్యుడు కపటలేఖ సిద్ధం చేస్తాడు. నాటకం మిగిలిన భాగమంతా రాక్షసుడు వేసే ప్రతి ఎత్తునూ ప్రేక్షకుడు ఈ ఉంగరం గుర్తుతోనే చూస్తాడు. దశరూపకకారుడు ముఖసంధిలో బీజోత్పత్తి జరగాలన్నాడు. సంధ్యంగాల్లో మొదటిదైన ఉపక్షేపం అంటే ఆ బీజాన్ని నాటడమే. విశాఖదత్తుడు బీజాన్ని నాటిన తీరు గమనింపదగినది: చాణక్యునికి తెలుసు, ప్రేక్షకునికి తెలుసు, రాక్షసునికి తెలియదు. కత్తి లేదు, కేక లేదు, చీకటి లేదు. ఒక పసివాడు, ఒక ఉంగరం, ఒక గడప.

పల్నాటి వీరగాథా గానంలో ఇదే ధర్మం మరింత స్పష్టం. రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలవుతాడన్న సంగతి శ్రోతకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఆ ఘట్టం వచ్చేసరికి శ్రోత బిగుసుకుని కూర్చుంటాడు. కథ తెలియడం అతని ఉత్కంఠను తగ్గించదు. తెలిసినందువల్లనే అలరాజు ప్రయాణంలోని ప్రతి మజిలీ బరువెక్కుతుంది. ఏమవుతుందో దాచిపెడితేనే థ్రిల్లర్ అన్న అభిప్రాయం ఈ గడ్డ మీద పుట్టినవారికి ఎలా కలిగిందో ఆలోచించవలసిన విషయం.

తెలుగు తెర ఇచ్చే పాఠాలు

రామ్‌గోపాల్ వర్మ ‘క్షణ క్షణం’ (1991) విశాఖదత్తుని ఉంగరానికి ఆధునిక రూపం చూపిస్తుంది. బ్యాంకు దోపిడీ జరుగుతుంది. సొమ్ము క్లోక్‌రూమ్‌కు చేరుతుంది. దాని రసీదు ఫొటో స్టూడియోలో, సత్య అనే మామూలు ఉద్యోగిని ఫొటోల కవరులోకి చేరుతుంది. ఆ కవరు తీసుకుని ఇంటికి వెళ్తున్న సత్యకు తన చేతిలో ఏముందో తెలియదు. ప్రేక్షకుడికి తెలుసు. ఇక్కడ బీజం ఒక కాగితం ముక్క. దాన్ని సమకూర్చుకోవడానికి ఏ విద్యార్థి బృందానికైనా అయ్యే ఖర్చు సున్నా.

ప్రేక్షకుడికి ఎప్పుడూ ఎక్కువ తెలిసి ఉండాలన్న నియమం కూడా లేదు. చంద్రశేఖర్ యేలేటి ‘అనుకోకుండా ఒక రోజు’ (2005)లో కథానాయిక జీవితం నుంచి ఒక రోజు మాయమవుతుంది. ఆ రోజు ఏం జరిగిందో ఆమెకూ తెలియదు, ప్రేక్షకుడికీ తెలియదు. ఇద్దరూ సమానులు. రవికాంత్ పేరేపు తొలి చిత్రం ‘క్షణం’ (2016) మరొక దారి పట్టింది. ముసుగు మనుషులు ఒక తల్లి మీద దాడి చేస్తారు. స్పృహలోకి వచ్చిన ఆమె తన కూతురు కనిపించడం లేదంటుంది. అసలు ఆ కూతురే లేదని చుట్టూ ఉన్నవారు అంటారు. అప్పటి నుంచి ప్రేక్షకుడు తనకు తెలుసుననుకున్నదాన్నే అనుమానించవలసి వస్తుంది. ముసుగు మనుషులు విద్యార్థి చిత్రాల్లోనూ ఉంటారు. కానీ ‘క్షణం’లో వారి వెనుక ఒక తల్లి చెప్పే మాట ఉంది. ఆ మాట నిజమా కాదా అన్నది కథ మొత్తాన్ని మోస్తుంది.

విద్యార్థులు ఎక్కువగా అనుకరించే ప్రారంభాల్లో డేవిడ్ ఫించర్ ‘సెవెన్’ (1995) పేర్ల పట్టిక ఒకటి. కైల్ కూపర్ రూపొందించిన ఆ పట్టికలో గీతలు పడ్డ అక్షరాలు, కుట్టిన నోటుపుస్తకాలు, వేలి చివరల చర్మాన్ని బ్లేడుతో గీక్కునే చేతులు కనిపిస్తాయి. అనుకరించేవారు అక్షరాల వణుకును తీసుకుంటారు. ఆ చేతుల ప్రయోజనాన్ని వదిలేస్తారు. హంతకుని వేలిముద్రలు ఎందుకు దొరకవో, అతని గదిలో దొరికే పుస్తకాలు ఏమిటో ఆ పట్టిక ముందే చెప్పేసింది. చూసినవాడికి తాను విన్నానని అప్పుడు తెలియదు, అంతే. అలంకారం అనిపించేదంతా అక్కడ సమాచారం. ఎర్ర దారం కట్టిన గోడలో లేనిది అదే.

ప్రణాళిక: షాట్ల పట్టికకు ముందు మరో పట్టిక

పై పరిశీలనను బట్టి విద్యార్థి ప్రణాళికలో ఒక మార్పు అవసరమని చెప్పవచ్చు. సాధారణంగా కథాసంగ్రహం, చిత్రఫలకం, షాట్ల పట్టిక, స్థల పరిశీలన, చిత్రీకరణ సమయసూచి అనే వరుసలో పని నడుస్తుంది. వీటన్నిటికీ ముందు మూడు నిలువు గడుల పట్టిక ఒకటి ఉండాలి: ప్రతి పదిహేను సెకన్ల చివర ప్రేక్షకుడికి ఏం తెలుసు, ప్రధాన పాత్రకు ఏం తెలుసు, ప్రత్యర్థికి ఏం తెలుసు. రెండు నిమిషాలకు ఎనిమిది అడ్డు వరుసలు. మూడు గడుల్లోనూ ‘ఏమీ తెలియదు’ అని వరుసగా నాలుగుసార్లు వచ్చిందంటే అక్కడ దృశ్యం లేదు, వాతావరణం మాత్రమే ఉంది. షాట్ నిడివి, కెమెరా కోణం ఈ పట్టిక నుంచి పుట్టాలి. పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలపాలంటే కెమెరా పాత్రను విడిచి వస్తువు దగ్గర ఆగాలి. ఇద్దరికీ సమానంగా తెలియాలంటే పాత్ర భుజం దాటి పోకూడదు. దగ్గరి షాటా దూరపు షాటా అన్న చర్చ అప్పుడు అభిరుచి చర్చగా మిగలదు.

ఆ పాఠ్యక్రమపు మార్కుల పంపిణీ దీనికి సహకరించలేదన్నది కూడా గుర్తించాలి. నిర్మాణానికి 60, ఆలోచనకు 20 అన్నప్పుడు విద్యార్థి లెన్సుల గురించి దిగులుపడటం సహజం.

స్థలం: క్రోసూరు దృష్టితో

పల్నాడు జిల్లాలోని మండల కేంద్రం క్రోసూరు. అటువంటి ఊరి విద్యార్థి థ్రిల్లర్ అనగానే నగరపు చీకటి సందునో అపార్ట్‌మెంట్ సెల్లారునో ఊహించుకుంటాడు. తన ఊరు ఉత్కంఠకు పనికిరాదని అతను నిర్ణయించుకునే ఉంటాడు. లేదా పల్నాడు పేరుకు సినిమా, వార్తలు తగిలించిన ముద్రను తానే తెచ్చుకుంటాడు: వేటకొడవలి, నాటుబాంబు, తెల్ల చొక్కాల మనుషులు. 1947లో ఒకసారి, 1966లో మరోసారి ‘పల్నాటి యుద్ధం’ తెరకెక్కిన నాటి నుంచి ఈ సీమ తెర మీద యుద్ధభూమిగానే ఎక్కువ పరిచయం. అక్కడి విద్యార్థి కూడా తన ఊరిని పరాయి కంటితోనే చూపితే నష్టం చిత్రానిది మాత్రమే కాదు. ఇది కేవలం రుచికి సంబంధించిన అభ్యంతరం కూడా కాదు. నిజమైన కొట్లాటలు చూసిన వీధిలో నకిలీ కొడవలి పట్టుకుని పరుగెత్తే దృశ్యం తీయడం ప్రమాదకరం. పంచాయతీకీ పోలీసు స్టేషనుకూ ముందుగా తెలపకుండా, ఇరుగుపొరుగుకు చెప్పకుండా అలాంటి చిత్రీకరణకు ఏ అధ్యాపకుడూ అనుమతి ఇవ్వరాదు.

‘శివ’ (1989) ఇక్కడ మళ్లీ జ్ఞాపకానికి వస్తుంది. విజయవాడలో ఇంజనీరింగ్ చదివిన వర్మ ఆ చిత్రానికి కళాశాల వాతావరణాన్నే నేపథ్యంగా ఎంచుకున్నాడు. అందులో ప్రేక్షకులు మరచిపోని ఆయుధం తుపాకీ కాదు, సైకిల్ చైను. కళాశాలలో ప్రతిరోజూ కనిపించే వస్తువు. ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019) అపరాధ పరిశోధనను నెల్లూరులో నిలబెట్టింది. జిల్లా పట్టణం చాలునని ఆ చిత్రం చూపింది. మండల కేంద్రం ఎందుకు చాలదు?

ఆ సీమ పంటలు పత్తి, మిరప. కోసిన కాయలను కల్లంలో ఆరబోస్తారు. పంట దొంగల పాలు కాకుండా రాత్రి కల్లం దగ్గరే ఒకరు కాపలా పడుకుంటారు. ఉదాహరణకు ఒక ప్రారంభాన్ని ఊహించవచ్చు. మిట్టమధ్యాహ్నం. కను చూపు మేర ఎర్రటి కాయలు. టార్పాలిన్ పట్టా కప్పిన టిక్కీల వెనుక ఒక కుర్రవాడు నక్కి ఉన్నాడని ప్రేక్షకుడికి మొదటి షాట్‌లోనే తెలుస్తుంది. కాపలా ముసలాయన వచ్చి నీడన కూర్చుని చుట్ట వెలిగిస్తాడు. ఎవరో బండి ఆపి, “ఏంది బాబాయ్, ఒక్కడివే ఉన్నావా?” అని పలకరిస్తారు. ఆయన తీరికగా ధరల ముచ్చట మొదలుపెడతాడు. గాలి తిరుగుతుంది. మిరప ఘాటు పట్టా వెనక్కి పోతుంది. దగ్గు ఆపుకోవడం ఎంత కష్టమో ఆ ఊరి ప్రేక్షకుడి గొంతుకే తెలుసు. ఇందులో కత్తి లేదు. కుర్రవాడు దొంగా, దొంగలకు భయపడి దాక్కున్నవాడా అన్నది మాత్రమే దాచి ఉంచారు. పైన చెప్పిన పట్టికలో ప్రతి గడీ నిండుతుంది.

ఈ ఎంపికకు సాంకేతిక లాభం కూడా ఉంది. ఫోను కెమెరా సెన్సారు చిన్నది. చీకట్లో చిత్రం గరుకుగా మారుతుంది. ఫోకస్ తనంతట తానే వెతుక్కుంటూ ఊగుతుంది. పగటి వెలుగులో ఆ బాధ లేదు. ఎక్స్‌పోజరును ఒకచోట బిగించి ఉంచితే సరిపోతుంది. ఇంటి లోపల ట్యూబులైటు కింద తీయవలసివస్తే మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక షట్టరు వేగం సెకనులో యాభయ్యో వంతు లేదా నూరో వంతు దగ్గర ఉంచాలి, లేకుంటే తెర మీద వెలుగు చారలు కదులుతాయి. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ శబ్దానికి కావాలి. ఆరుబయట ఫోను మైకులో గాలి హోరు మాటలను మింగేస్తుంది. దగ్గు, చుట్ట పీల్చిన చప్పుడు, పట్టా కొట్టుకునే చప్పుడు విడివిడిగా, దగ్గర నుంచి రికార్డు చేసుకుని కూర్పులో కలపాలి. స్థలపు నిశ్శబ్దాన్ని కూడా ఒక నిమిషం పట్టుకోవాలి. మోటారు శబ్దమో గుడి మైకో మధ్యలో తెగి, మరో షాట్‌లో మాయమైతే అతుకు బయటపడుతుంది.

సమయసూచి విషయంలో మాత్రం మిరప ఎవరి కోసమూ ఆగదు. కల్లాలు నిండేది సంక్రాంతి తరువాత, ఎండలు ముదిరేలోగా. గుంటూరు యార్డుకు టిక్కీలు కదలడం మొదలైతే కల్లం మళ్లీ ఖాళీ నేలే. అందుచేత జ్ఞానపట్టిక, చిత్రఫలకం, రైతు అనుమతి పండుగకు ముందే సిద్ధం కావాలి. చిత్రీకరణకు రెండు మధ్యాహ్నాలు చాలు.