రేకులో దాగిన శిల్పి: కృష్ణారెడ్డి ముద్రణ చిత్రకళ

చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి న్యూయార్క్‌లో కన్నుమూసిన కృష్ణారెడ్డి (1925–2018), జిగటలో తేడా గల ఇంకులతో ఒకే రేకు నుండి పలు రంగులు అచ్చొత్తిన సాంకేతిక నిపుణుడిగానే తరచు పరిచయమవుతున్నాడు. ఈ పరిచయం అసత్యం కాదు. కానీ అది చిత్రకారుణ్ణి యంత్రం వెనుక దాచివేస్తున్నది.

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యరికం, మద్రాసు కళాక్షేత్రంలో అధ్యాపకత్వం ముగిశాక ఆయన విదేశాలకు వెళ్లాడు. లండన్‌లో హెన్రీ మూర్, ప్యారిస్‌లో జాద్కిన్, మిలాన్‌లో మరీనో మరీనీ ఆయన గురువులు. ముగ్గురూ శిల్పులే. హేటర్ నడిపిన అతెలియే 17 కార్యశాలలో లోహపు రేకు చేతికందినపుడు, దానిని గీతలు గీసే తలంగా కాక, తొలిచి లోతులు తీయవలసిన ముద్దగా ఆయన చూడడానికి మూలం ఈ శిక్షణలోనే ఉన్నది.

పద్ధతిని కొంత వివరించాలి. రేకును ఆమ్లంతోనూ పనిముట్లతోనూ వేర్వేరు లోతులకు దింపుతారు. అవిసె నూనె ఎక్కువ కలిపిన పల్చని ఇంకును గట్టి రోలరుతో మిట్టలపై పరుస్తారు. నూనె తక్కువైన చిక్కని ఇంకును మెత్తని రోలరు పల్లాలకు చేరుస్తుంది. నూనె తడి ఉన్నచోట ఈ ఇంకు అంటదు. రంగులు కలగాపులగం కాకుండా పక్కపక్కనే నిలిచి, ప్రెస్సులో ఒక్కసారికే కాగితానికెక్కుతాయి. అంటే ఇక్కడ రంగును నిర్ణయించేది లోతు. శిల్పం లేనిదే వర్ణం లేదు. హేటర్, కైకో మోతీల పాత్రను విస్మరించి ఇదంతా కృష్ణారెడ్డి ఒక్కడి ఆవిష్కరణ అనడం మాత్రం అభిమానమే, చరిత్ర కాదు.

1963 నాటి ‘వర్ల్‌పూల్’లో నీటి సుడి బొమ్మ కన్న సుడి తిరిగే శక్తి ముఖ్యం. వలకన్నుల వంటి గళ్ళు చక్రగతిలో సాగుతాయి. 1968 ప్యారిస్ విద్యార్థి ఉద్యమం నేపథ్యంగా వెలసిన ‘డిమాన్‌స్ట్రేటర్స్’లో అదే శక్తి నిలువుగా లేచిన మనుషులలోకి ప్రవహిస్తుంది. నా దృష్టిలో తరువాతి విదూషకుల చిత్రాల కన్న ఇదే బలమైనది; వాటిలో వర్ణవైభవం అనుభూతిని కొంత మింగివేసింది.

మరి ఇందులో తెలుగుదనం ఎక్కడ? మెదక్ జిల్లా నిజాంపూర్ నుండి వచ్చిన లక్ష్మాగౌడ్ ఎచింగులలో పల్లె మనుషులు, మేకలు కంటికి కనిపిస్తాయి. కృష్ణారెడ్డిలో అటువంటి ఆనవాళ్ళు వెదికేవారికి నిరాశే. వస్తువులో మాత్రమే ప్రాంతీయతను గుర్తించే మన కొలమానం ఆయన వద్ద పనిచేయదు. 1972లో పద్మశ్రీ లభించినా, 1976లో న్యూయార్క్ చేరి విశ్వవిద్యాలయ ఆచార్యుడైనా, తెలుగు విమర్శలో ఆయన స్థానం అస్పష్టంగా ఉండడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

చిక్కు మరొకటున్నది. కొల్లాపూర్ వంటి పట్టణంలో అధ్యాపకుడు ఈ చిత్రాలను తెరపైనే చూపగలడు. తెరపై రంగు వస్తుంది, కాగితంపై రేకు ఒత్తిన మిట్టపల్లాలు రావు. పైగా ‘అచ్చు’ అనగానే విద్యార్థికి నకలే స్ఫురిస్తుంది. ప్రతి ప్రతికీ రేకుకు చేతితో కొత్తగా ఇంకు పట్టించాలనీ, అందుచేత ఒకే ‘వర్ల్‌పూల్’ రెండు ప్రతులలో రెండు విధాలుగా ఉండవచ్చుననీ ముందుగా చెప్పవలసి వస్తుంది. 1988లో ఆయన ఈ ప్రక్రియపై ఆంగ్లంలో వెలువరించిన గ్రంథంలోని పరిభాషకు తెలుగు మాటలు కూర్చే పనిని ఇక్కడి నుండే మొదలుపెట్టవచ్చు.