పిశాచాన్ని ఎరిగినోళ్లు ఎక్కడ?

రాబర్ట్ ఎగ్గర్స్ 'నోస్ఫెరాటు' (2024)కు మూలం 1922 నాటి మూర్నావ్ సినిమా. దానికీ మూలం స్టోకర్ నవల 'డ్రాకులా' (1897). నవలలో రోమా జనం దొరగారి మట్టిపెట్టెలు మోసే ఊడిగపోళ్లు. ఈ సినిమాలో రాత్రిపూట గోరీ తవ్వి పిశాచపు శవంలో ఇనుపమేకు దించేది వాళ్లే. ఇది మంచి మార్పేనని ఒప్పుకుంటాం. కానీ తర్వాత వాళ్లు కథలోకి రారు. జర్మన్ పట్నంలో జనం చస్తుంటే ఆ చేతివిద్య ఎరిగినోళ్లని ఎవరూ తలవరు. విరుగుడు ప్రొఫెసర్ గ్రంథాల్లోనే దొరుకుతుంది, ప్రాణం ఒక ఆడమనిషి ఇస్తుంది. కథ జరిగేది 1838లో. అప్పటికి వలాకియా, మోల్డావియాల్లో రోమాలు బానిసలు. 1850ల దాకా పూర్తి విముక్తి లేదు. మఠాలూ, భూస్వాములూ తాగిన ఆ నెత్తురు సంగతేమిటి? పిశాచం కోటలోనే ఉంటుందని మేం నమ్మం.