వారం రోజుల భయం

విజయవాడ వన్ టౌన్‌లో పాత ఇళ్ల అటకలు దులిపినప్పుడు బైండు పుస్తకాలు బయటపడుతుంటాయి. అట్ట మీద అచ్చు పేరుండదు, ఎవరో చేత్తో రాసిన నవల పేరుంటుంది. లోపలివి వారపత్రికల్లోంచి వారం వారం చింపి దాచిన సీరియల్ పేజీలు. ఒక పక్క కథ, వెనక పక్క సబ్బు ప్రకటనో, సగంలో తెగిపోయిన జోకో. పత్రిక కొనేది ఒక ఇల్లయితే చదివేది నాలుగిళ్లు. అందరి చేతులూ దాటి పేజీలు తిరిగొచ్చాక ఇంట్లో ఆడవాళ్లు వాటిని వరసలో పేర్చి, దబ్బనంతో కుట్టో, వీధి చివర బైండింగ్ షాపులో ఇచ్చో పుస్తకం చేసుకునేవారు. 1980లలో అలా కుట్టించుకున్న నవలల్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఒకటి. తెలుగు భయానక నవల ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునేవాళ్లను ఆ బైండే ముందు చూడమంటాను. షాపులో కొన్న నవల ఒకే బిగిన సాగిపోతుంది. బైండులో కొన్ని పేజీలకొకసారి కథ తెగుతుంది. రచయిత పనితనం ఆ తెగిన చోట్లే దొరుకుతుంది.

‘తులసిదళం’ 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. సంపాదకుడు సి. కనకాంబరరాజు. సీరియల్ రాసేవాడికి ఒక్కో వారం దొరికేది కొన్ని పేజీలే. ఆ కొద్దిచోటులోనే పోయిన వారం మరిచిపోయినవాడికి గుర్తుచేయాలి, కథ కొంత నడపాలి, మళ్లీ గురువారమో శుక్రవారమో ఏజెంటు సైకిలు బెల్లు కోసం పాఠకుణ్ణి గుమ్మంలో నిలబెట్టాలి. ప్రేమకథకైతే ఈ విరామం కాస్త విసుగు. భయానికి మాత్రం అదే బలం. తలుపు తీసినచోట కథ ఆగితే, ఆ తలుపు వెనక ఏముందో వారం రోజులపాటు ఊహించుకునేది పాఠకుడే. రచయిత రాసిన దానికంటే ఆ ఏడు రాత్రుల్లో పాఠకుడు కల్పించుకున్నదే ఎక్కువ. యండమూరి ఈ సంగతి గ్రహించారు. అందుకే ఆయన భాగాలు చాలావరకు జవాబు దగ్గర కాకుండా, ప్రశ్న పుట్టిన మరుక్షణం ఆగుతాయి.

ఈ విద్య ఆయనతో మొదలు కాలేదు. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడు గోపుడికి మజిలీకొక కథ చెబుతాడు. నడిచినంత మేరకే కథ, మిగతాది రేపటి బసలో. చందమామ బేతాళ కథల్లో శవం నెలనెలా చెట్టెక్కేది. ఆ తర్వాత కొమ్మూరి సాంబశివరావు వచ్చారు. డిటెక్టివ్ యుగంధర్‌ను, అసిస్టెంటు రాజును ఇంటింటికీ పరిచయం చేసిన ఆయన భయానక నవలలూ రాశారు. వన్ టౌన్ సందుల్లోని అద్దె పుస్తకాల బంకుల్లో ఈ చిన్న నవలలకు గిరాకీ ఉండేది. కొట్టు కట్టేశాక బట్టల షాపు గుమాస్తాలు, మధ్యాహ్నం వంట ముగిశాక గృహిణులు, కాలేజీ పిల్లలు ఒకే ప్రతిని వంతులవారీగా చదివేవారు. సాహిత్య చరిత్రలు రాసినవాళ్లు ఈ పాఠకుల్ని లెక్కలోకి తీసుకోలేదు. అది పెద్ద లోటని నా నమ్మకం. నవల చదవడం అలవాటైన ఇళ్లలో చాలావాటికి ఆ అలవాటు ఈ బంకుల దగ్గరే అబ్బింది.

యండమూరి 1948 నవంబరు 14న కోనసీమలోని రాజోలులో పుట్టారు. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. ఆర్థిక సంస్థలో, ఆ తర్వాత ఆంధ్రా బ్యాంకులో ఉద్యోగం. మన కృష్ణా డెల్టాలోనే, బందరులో, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన బ్యాంకు అది. నాటకాలతో కలం పట్టిన మనిషి కాబట్టి సంభాషణ మీద పట్టుంది. లెక్కల మనిషి కాబట్టి ప్రతి సంఘటనకూ జమాఖర్చు చూపించే అలవాటుంది. ‘తులసిదళం’ నిర్మాణంలో ఈ రెండో గుణమే నాకు గొప్పగా తోస్తుంది.

కథ హైదరాబాద్‌లోని ఒక మామూలు మధ్యతరగతి ఇంట్లో జరుగుతుంది. శ్రీధర్, శారద దంపతులు. వాళ్ల కూతురు తులసి. ఆ పాప పేరుతో ముడిపడిన డబ్బు కోసం ఆశపడిన మనుషులు కాద్రా అనే మంత్రగాణ్ణి ఆశ్రయిస్తారు. కాష్మోరా అనే క్షుద్రశక్తి పాప మీదికి ప్రయోగమవుతుంది. ఇక్కడ గమనించాల్సింది వరస. మంత్రం కంటే ముందు డబ్బుంది, శ్మశానం కంటే ముందు ఆస్తి కాగితముంది. డెల్టా పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. చేతబడి అన్నా, చిల్లంగి అన్నా, పుకారు వెనక తరచూ ఒక గట్టు తగాదానో, పంచుకోని పొలమో ఉంటుంది. మనుషుల దురాశను ముందు నమ్మించాడు కాబట్టి, తర్వాత రచయిత చెప్పిన నమ్మలేని దానికి పాఠకుడు ఎదురు చెప్పలేకపోయాడు.

రెండో పని ఇంకా కష్టమైనది. పాప జబ్బుకు నవల పొడుగునా రెండు వివరణలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి మంత్రగాడిది, ఇంకొకటి డాక్టర్లది. వైద్య పరిభాష, హిప్నాటిజం, మనస్తత్వ శాస్త్రం ఒకవైపు. బొమ్మలు, సూదులు, అర్ధరాత్రి పూజలు మరోవైపు. ఏ సంఘటన చెప్పినా రెండు ఖాతాల్లోనూ సరిపోయేలా రాయాలి. ఒక్కచోట తూకం తప్పితే భయం పోతుంది. పూర్తిగా దెయ్యమే అని తేలిపోతే హేతువాది పుస్తకం మూసేస్తాడు, పూర్తిగా జబ్బే అంటే మిగతావాళ్లు మూసేస్తారు. ముగింపులో వైద్యుల ప్రయత్నమూ, మంత్రగాణ్ణి ఎదుర్కొనే ప్రయత్నమూ ఒకే సమయంలో సాగుతాయి. పాప దేనివల్ల బతికిందో చదివినవాడే తేల్చుకోవాలి. వందల పేజీల పాటు, అదీ వారం వారం అచ్చుకు అందిస్తూ, ఈ తూకం నిలపడం మామూలు పని కాదు. ఈ ఒక్క కారణంతోనైనా ‘తులసిదళం’ నిర్మాణాన్ని యూనివర్సిటీ తరగతిలో విప్పి చూపించాలని గట్టిగా కోరుకుంటాను.

విలియం పీటర్ బ్లాటీ ‘ది ఎక్సార్సిస్ట్’ 1971లో వచ్చింది, సినిమా 1973లో. ఒక ఆడపిల్ల, అంతుపట్టని జబ్బు, డాక్టర్ల నిస్సహాయత అన్న చట్రం దానిలోనూ ‘తులసిదళం’లోనూ ఉంది. ఆ పోలికను విమర్శకులు ఎత్తిచూపారు, అందులో న్యాయముంది. కానీ బ్లాటీ కథకు కేంద్రం ఒక పాదిరీ విశ్వాసం. తెలుగు నవలలో ఆ స్థానం ఖాళీ. పూజారి వచ్చి కాపాడడు. తండ్రి, స్నేహితులు, డాక్టర్లు కలిసి తిరుగుతారు, వాదించుకుంటారు, ఆసుపత్రికీ మంత్రగాడికీ మధ్య నలిగిపోతారు. బిడ్డకు జ్వరం తగ్గకపోతే ఇంగ్లిషు మందూ తాయెత్తూ రెండూ వాడే మన ఇళ్ల పరిస్థితి అది.

ఈ నవల మీద వచ్చిన విమర్శల్లో బరువైనది రంగనాయకమ్మది. ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అన్న పేరులోనే ఆమె తీర్పుంది. మూఢనమ్మకానికి శాస్త్రం ముసుగు వేసి జనాన్ని మత్తులో పెడుతున్నారన్నది ఆమె ఆరోపణ. దాన్ని తేలిగ్గా తీసుకోను. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ ఇప్పటికీ వస్తున్నాయి. సీరియల్‌ను ఊపిరి బిగబట్టి చదివిన ఇదే విజయవాడలో, పటమటలో, గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం ఉంది. 1940లో ముదునూరులో మొదలై 1947లో ఇక్కడికి మారిన సంస్థ అది. 1980లలో, క్షుద్ర నవలలు జోరుగా అమ్ముడవుతున్న రోజుల్లోనే, దాని కార్యకర్తలు డాక్టర్లతో కలిసి చేతబడి లాంటి బాణామతి భయం పట్టుకున్న పల్లెలకు వెళ్లారు. నిప్పుల మీద ఎవరైనా నడవొచ్చని నడిచి చూపించారు. డాక్టరును, మంత్రగాణ్ణి సమానంగా తూచడం కథకు బలం. అదే తూకం వీధిలోకి వచ్చి, ఒక ముసలామె గుమ్మం ముందు గుమిగూడిన జనం చేతికి చిక్కితే ప్రాణం తీస్తుంది. రచయిత పనితనాన్ని మెచ్చుకునేవాళ్లం ఈ మాట కూడా అదే గొంతుతో చెప్పాలి. యండమూరిని అనుకరిస్తూ ఆ దశాబ్దంలో వచ్చిన క్షుద్ర నవలల వరదలో డాక్టరు పాత్ర మెల్లగా మాయమైంది, పుర్రెలూ నెత్తురూ మిగిలాయి. రంగనాయకమ్మ మాటలు వాటికి ఇంకా ఎక్కువగా వర్తిస్తాయి.

యండమూరి ప్రయాణం మాత్రం అక్కడ ఆగలేదు. ‘తులసిదళం’ తర్వాతి కథను ‘తులసి’గా రాశారు. 1985లో కన్నడంలో ‘తులసీదళ’ సినిమా, 1986లో తెలుగులో ‘కాష్మోరా’ వచ్చాయి. చిరంజీవి ‘అభిలాష’ (1983), ‘ఛాలెంజ్’ (1984) ఆయన నవలల మీద తీసినవే. ‘వెన్నెల్లో ఆడపిల్ల’, ‘ఆనందో బ్రహ్మ’, ‘అంతర్ముఖం’ భయంతో సంబంధం లేని నవలలు. ‘విజయానికి ఐదు మెట్లు’తో వ్యక్తిత్వ వికాస రచయితగా మరో తరానికి చేరారు. పుస్తకాలుగా వీటిని ఊరూరికీ పంపింది విజయవాడ ఏలూరు రోడ్డులోని నవసాహితి బుక్ హౌస్. సీరియల్ ఎక్కడ అచ్చయినా పుస్తకం బెజవాడలో పుట్టడం ఆ రోజుల్లో పరిపాటి. పుస్తక మహోత్సవంలో ఆయన నవలల దగ్గర నిలబడేవాళ్లలో తల్లులూ ఉంటారు, వాళ్ల వెంట వచ్చిన ఇంజనీరింగ్ పిల్లలూ ఉంటారు.

ఇప్పుడు తెలుగు దెయ్యం కథ ఎక్కువగా చెవిలో వినిపిస్తోంది. యూట్యూబ్‌లో, పాడ్‌కాస్టుల్లో రాత్రిపూట కథలు చదివే యువకులున్నారు. వాళ్లలో కొందరికి మంచి గొంతుంది, ఊళ్ల పేర్లు, చెరువు గట్లు తెలుసు. కానీ మొదటి నిమిషంలోనే శ్మశానానికి తీసుకెళతారు. ఇల్లు కనిపించదు, ఆ ఇంట్లో ఎవరికి ఎవరి మీద కోపమో, ఏ అప్పు తీరలేదో తెలియదు. ఎపిసోడ్ ముగిసిన క్షణంలో తర్వాతిది దానంతటదే మొదలవుతుంది, శ్రోతకు ఊహించుకునే వ్యవధి మిగలదు. వాళ్లు వారానికొక్క భాగమే వదిలి చూడాలి. మొదటి మూడు వారాలూ దెయ్యం ఊసెత్తకుండా, ఆస్తి తగాదా ఒక్కటే చెప్పి చూడాలి.