గుల్లకి రెండో కాపురం

ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద ఫుట్‌పాత్ మీద ఒక తోరణం కొన్నాను. చిన్న శంఖాలు, నత్తగుల్లలు నైలాన్ దారానికి గుచ్చినది. రంగు పూయలేదు. ఏ వస్తువుకైనా రెండో బతుకు ఉండాలని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. పాత చీర బొంత, కొబ్బరిచిప్ప గరిటె వరసలోకి ఇదీ చేరిందని సంబరంగా ఎల్బీనగర్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను.

గుమ్మానికి కట్టగానే కాకినాడ దగ్గర అమ్మమ్మగారి ఊరు కళ్లముందుకొచ్చింది. ఊరి చివర సున్నం బట్టీ. ఆల్చిప్పలు, గుల్లలు బస్తాలకొద్దీ వచ్చేవి. బొగ్గు ఒక వరస, గుల్ల ఒక వరస పేర్చి కాల్చేవారు. కాలిన గుల్ల మీద నీళ్లు చల్లితే బుసలుకొడుతూ పిండిగా విచ్చుకునేది. రాతి సున్నం దీని తెలుపుకి సాటిరాదని అమ్మమ్మ పట్టు. సంక్రాంతికి గోడలకీ అదే, భోజనమయ్యాక తమలపాకుకీ అదే. సముద్రం పారేసినది మన గోడెక్కింది, ఇంతకంటే మంచి వాడకం ఏముంటుందని ఇన్నేళ్లూ నమ్మాను.

ఈ వారం లెక్క వేసి చూశాను. గుల్ల దాదాపు అంతా కాల్షియం కార్బనేటే. ఆ పదార్థం 100 కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తాయి. అంతకన్నా పెద్ద నష్టం నీటి అడుగున. ఆల్చిప్ప పిల్ల రెండు మూడు వారాలు నీళ్లలో తేలియాడి, గట్టి చోటు చూసుకుని అతుక్కుంటుంది. ఇక జీవితమంతా అక్కడే. దానికి బాగా నచ్చే చోటు పెద్దలు వదిలిన గుల్ల. న్యూయార్క్ రేవులో 2014లో మొదలైన బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్టు పట్టుకున్న కిటుకు ఇదే. హోటళ్లలో తిని వదిలేసిన గుల్లలు పోగుచేసి, నెలల తరబడి ఎండకీ వానకీ వదిలి, పిల్లలు పట్టాక నీళ్లలో దించుతారు. 2035 నాటికి వంద కోట్ల ఆల్చిప్పలు వాళ్ల లక్ష్యం. మనం పులికాట్ సరస్సులో గుల్లలు తవ్వి సున్నానికీ సిమెంటుకీ తోలేశాం.

నా తోరణంలోని నత్తగుల్లలు సన్యాసి పీతలకి ఇళ్లు. సముద్రం వాటిని పారేయలేదు, తర్వాత వచ్చేవాళ్లకి అట్టిపెట్టింది. రెండో బతుకు మనమే ఇవ్వాలన్న నా పాత పట్టు ఇక్కడ వదిలేస్తున్నాను.

తోరణం విప్పి, దారం లాగేసి, గుల్లలు సంచిలో వేశాను. పండక్కి ఎల్బీనగర్‌లో కాకినాడ బస్సెక్కేటప్పుడు ఆ సంచీ నాతోనే.