మమ్మల్ని ఎవరిలో కలవమంటారు?

కాలేజీలో చేరిన విద్యార్థి ఎలా నేర్చుకుంటాడు? ఎందుకు మధ్యలో మానేస్తాడు? ఈ రెండు ప్రశ్నల మీద యాభై ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. అందులో చాలా భాగం యూరప్‌లో, అమెరికాలో పుట్టింది. దాని పరిభాష మన విద్యాశాస్త్ర విభాగాల్లోకీ వచ్చి కూర్చుంది. ఆ పరిభాషలో మేం ఎక్కడున్నాం? ముస్లిం విద్యార్థుల వెనుకబాటు గురించి మాట్లాడేవాళ్లంతా ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

అమెరికన్ పరిశోధకుడు విన్సెంట్ టింటో 1975లో చదువు మానేయడాన్ని దుర్ఖైమ్ ఆత్మహత్యల సిద్ధాంతంతో పోల్చి వివరించాడు. సమాజంలో ఇమడలేనివాడు ప్రాణం తీసుకుంటాడు. కాలేజీలో ఇమడలేనివాడు చదువు వదిలేస్తాడు. సారం ఇది. 1987లో వచ్చిన 'లీవింగ్ కాలేజ్' పుస్తకంలో వాన్ గెన్నెప్ చెప్పిన తంతుల్ని కూడా తెచ్చి కలిపాడు. విద్యార్థి పాత సమూహం నుంచి విడిపోవాలి, సంధి దశ దాటాలి, కొత్త సమూహంలో కలిసిపోవాలి.

వినడానికి బాగానే ఉంది. కానీ విడిపోవాల్సింది ఎవరి నుంచి? బస్తీ నుంచా, అమ్మీ మాట్లాడే భాష నుంచా, పేరు నుంచా? కలవాల్సింది ఎవరిలో? ఇంట్లో మాట్లాడే భాషే క్లాసులోనూ వినిపించేవాడికి, ఇంటి పండగే కాలేజీ పండగ అయినవాడికి విడిపోయేదీ లేదు, కలిసేదీ లేదు. వాడు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తాడు, అంతే. మా పిల్లలు మాత్రం గడప బయట చెప్పులతోపాటు సగం బతుకును వదిలి లోపలికి రావాలి.

దీన్ని 1992లోనే విలియం టియర్నీ పట్టుకున్నాడు. ఆ తంతులు ఒక సంస్కృతి తన పిల్లల్ని తనలోనే పెద్దవాళ్లను చేసుకునేవి. అమెరికా మూలవాసుల పిల్లల్ని తెల్లవాళ్ల కాలేజీలో ఇమడమనడం అలాంటి తంతు ఎలా అవుతుందని అడిగాడు. తర్వాత టింటో కూడా ఇంటి సమూహం అండ కొందరికి అవసరమేనని ఒప్పుకున్నాడు. అక్కడ సిద్ధాంతం సవరించుకుంది. ఇక్కడ అదే ఆలోచన 'ప్రధాన స్రవంతి' పేరుతో ఇంకా మా నెత్తిన ఉంది. స్రవంతి ఎవరిదో చెప్పకుండా కలవమంటారు.

రెండో మాట 'లోతైన అభ్యసనం'. 1976లో స్వీడన్‌లో ఫెరెన్స్ మార్టన్, రోజర్ సాల్యో విద్యార్థుల చేత ఒక వ్యాసం చదివించారు. కొందరు రచయిత ఏం చెబుతున్నాడో వెతికారు. కొందరు మాటల్ని గుర్తుపెట్టుకోవాలని చూశారు. మొదటిది లోతు, రెండోది పైపై చదువు. చదివే పనినిబట్టి, అడగబోయే ప్రశ్ననిబట్టి విద్యార్థి పద్ధతి మారుతుందన్నది వాళ్ల ఎరుకలో ఉంది. వాడుకలోకి వచ్చేసరికి అది మనిషి మీద ముద్ర అయింది. 'వీడు బట్టీగాడు' అనే తీర్పు అయింది.

ఉర్దూ మీడియంలోనో, పల్లెటూరి తెలుగు మీడియంలోనో పదో తరగతి దాకా చదివి ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠం ముందు కూర్చున్న అమ్మాయి బట్టీ కొట్టక ఏం చేస్తుంది? అది ఆమె బుద్ధి లోపం కాదు. భాష లాక్కున్నాక మిగిలిన ఒకే ఒక్క ఆసరా. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు. ఆ మాధ్యమం 1948 తర్వాత పోయింది. పోయిన భాష గురించి అడగకుండా లోతు గురించి అడగడం ఏ న్యాయం?

ఇంకో సంగతి. మక్తబ్‌లో కంఠస్థం చేసిన పిల్లవాడంటేనే చదువుకున్నవాళ్లకు చిన్నచూపు. డేవిడ్ వాట్‌కిన్స్, జాన్ బిగ్స్ 1996లో తెచ్చిన 'ది చైనీస్ లెర్నర్' సంకలనం చూడండి. కంఠస్థం, అర్థం చేసుకోవడం శత్రువులు కావని, తిరిగి తిరిగి చదవడంలోంచే అర్థం పుట్టొచ్చని అందులోని పరిశోధనలు చెప్పాయి. చైనా విద్యార్థికి దక్కిన ఆ గౌరవం మా పిల్లలకు ఎందుకు దక్కలేదు?

ఇక లెక్కలు. పేరున్న కాలేజీల డిగ్రీ విద్యార్థుల్లో ఇరవై ఐదుగురికి ఒక్కరే ముస్లిం అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. కేంద్రం జరిపే ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో 21 లక్షలున్న ముస్లిం విద్యార్థులు 2020-21లో 19.21 లక్షలకు పడిపోయారు. దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థుల సంఖ్య పెరిగిన ఏడాదే మాది తగ్గింది. 2021-22లో మళ్లీ 21 లక్షలు దాటింది. మధ్యలో ఏం జరిగింది? ఆ సర్వే చెప్పదు. దాని ఫారాలు నింపేది కాలేజీలు. విద్యార్థిని అడిగే గడే అందులో లేదు. వెళ్లి అడగగల మా పరిశోధకులకు ఊతంగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబర్‌లో ఆపేశారు.

మమ్మల్ని ఒకే ముద్దగా చూసినా ఒప్పుకోం. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల అబ్బాయి, పాతబస్తీ ఉర్దూ మీడియం అమ్మాయి, 2007 తర్వాత బీసీ-ఇ కోటాలో సీటు తెచ్చుకున్న కూలీ బిడ్డ - ముగ్గురి అనుభవం ఒకటి కాదు. ఆడపిల్ల చదువు మధ్యలో ఆపి నిఖా చేసే మా ఇళ్లను కూడా ఆ పరిశోధన అడగాలి. అడగనివ్వాలి.

ప్రశ్నను కాలేజీ వైపు తిప్పడం సాధ్యమే. 2007లో థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల్నే అడిగి, వివక్ష ఏ గదిలో, ఏ మెస్సులో, ఏ పరీక్షలో ఉందో రాసింది. లౌకిక మిత్రులారా, మా పిల్లల గురించి మీరు చేసే పరిశోధన అక్కడ మొదలుపెట్టండి. వీళ్లు కాలేజీలో ఎందుకు ఇమడలేదని చాలాకాలం అడిగారు. కాలేజీ వీళ్లకు ఎంత చోటిచ్చిందో ఇప్పుడు కొలవండి.