తుపాకియు భయమును: ‘బౌలింగ్ ఫర్ కొలంబైన్’ చిత్ర విమర్శ

డాక్యుమెంటరీ చిత్రమును కావ్యమునకు వర్తించు కొలతలతోనే కొలువవచ్చునా యను ప్రశ్న మన సాహిత్య విభాగములలో తరచుగా వచ్చునది కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల విద్యార్థులకు మైకేల్ మూర్ 2002లో వెలువరించిన ‘బౌలింగ్ ఫర్ కొలంబైన్’ను చూపినప్పుడు అది నాకు తప్పనిసరి యైనది. చిత్రము ముగియగనే పుంగనూరు వైపు పల్లెవాడైన విద్యార్థి యొకడు, తమ ప్రాంతమునను అడవిపందులకై నాటుతుపాకులు దాచుకొన్నవారు కలరనియు, వానితో బడిపిల్లలను కాల్చినవాడెవడును లేడేమనియు అడిగెను. చిత్రమునకు మూలమైన ప్రశ్నయు అదియే.

1999 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రమందలి కొలంబైన్ హైస్కూలులో ఇద్దరు విద్యార్థులు ఆనాడు 12 మంది తోటివారిని, ఒక ఉపాధ్యాయుని కాల్చి చంపి, తామును కాల్చుకొని మరణించిరి. ఆయుధములు విరివిగా దొరకుటయే కారణమని మూర్ సరిపెట్టుకొనలేదు. కెనడాలోను తుపాకులు మెండు, హత్యలు తక్కువ. కావున భయమును నిత్యము నూరిపోయు వార్తాప్రసారములను, ఆయుధబలమునే నమ్మిన రాజ్యనీతిని ఆతడు వేలెత్తి చూపినాడు.

పాఠశాల నిఘా కెమెరాల దృశ్యములకు, సహాయమునకై చేసిన టెలిఫోను పిలుపులను జతచేసిన ఘట్టము ఈ చిత్రమునకు ప్రాణము. దర్శకుడు అచ్చట నోరు మెదపలేదు. కరుణము వ్యాఖ్యానమును సహింపదని అతడెరుగును. గాయపడిన ఇద్దరు యువకులు కె-మార్ట్ ప్రధాన కార్యాలయమునకు పోగా, చేతితుపాకుల గుండ్ల అమ్మకమును 90 దినములలో మానుదుమని ఆ సంస్థ ప్రకటించిన ఘట్టమును మేలైనదే. ఆ ఫలమును దర్శకుడును ఊహించినట్లు లేదు. అతని ముఖమందలి విస్మయము నటన యని నాకు తోచలేదు.

ఇక దోషము. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ అధ్యక్షుడుగా నుండిన నటుడు చార్ల్టన్ హెస్టన్, కొలంబైన్ దుర్ఘటన జరిగిన వెంటనే సభలో తుపాకి నెత్తి, ప్రాణముండగా దీనిని వదలనని గర్జించినట్లు ప్రేక్షకునకు తోచును. డెన్వర్ సభ 1999 మే 1నాటిది. ఆ గర్జన సుమారొక సంవత్సరము పిదప, 2000 మే నెలలో, వేరొక నగరమున జరిగిన సభలోనిది. కూర్పునందు రెండును ఒకటిగా అతుకబడినవి. ప్రబంధకవికి కథను మార్చుకొను స్వేచ్ఛ కలదు. ‘ఇట్లు జరిగినది’ యని చెప్ప బూనినవానికి లేదు. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యము ఇచ్చట భంగపడినది. పిల్లలను పూడ్చిన పక్షము దినములు తిరుగకమునుపే ఆ యూరి చెంత సభ జరిపిన మాట నిజము. విమర్శకు అంతమాత్రము చాలియుండెను. సంఖ్యలదియు ఇదే తీరు. తుపాకి హత్యలు ఏటికి అమెరికాలో 11,127, జపానులో 39 అని చెప్పి, జనసంఖ్యతో నిష్పత్తి చెప్పలేదు. చెప్పినను వాదము చెక్కుచెదరదు. నిలుచు గోడకు పోటుకర్ర లేల?

అయినను చిత్రము విలువ ఈ దోషములతో చెడిపోవునది కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రమందలి ఒలేథాలో శ్రీనివాస్ కూచిభొట్ల యను తెలుగు ఇంజనీరును, ఇరానువాడని భ్రమించినవాడొకడు కాల్చి చంపెను. మూర్ చెప్పిన భయము మన యింటి వాకిటికి వచ్చినది. 2015 ఏప్రిల్ 7న నాటి చిత్తూరు జిల్లా శేషాచలమున ఎఱ్ఱచందనము కొట్టవచ్చిరని 20 మంది తమిళనాటి కూలీలు కాల్చి చంపబడిరి. పోలీసులు ఆత్మరక్షణ మనిరి. హక్కుల సంఘములు కాదనినవి. ఆ తుపాకులు పౌరులవి కావు. రాజ్యము విదేశములలో చేయించిన హత్యలను మూర్ ఒక్క పాట నడుమ చకచక నడిపించి వేసినాడు. చిత్రమున మిక్కిలి విస్తరింపదగిన భాగము అదియే యని నా యభిప్రాయము.

రెండవమారు ప్రదర్శించినప్పుడు హెస్టన్ ఘట్టమువద్ద చిత్రము నాపి, రెండు తేదీలను నల్లబల్లపై వ్రాసితిని. పుంగనూరు విద్యార్థి వానిని తన పుస్తకమున ఎక్కించుకొని, హెస్టన్‌పై తన కోపము మాత్రము తగ్గలేదనెను.