పదేపదే అంటే ఎన్నిసార్లు?

ఒక కబురు మూడుసార్లు పంపితే పదేపదే పంపినట్టా? లేక కనీసం ఎనిమిదిసార్లు పంపితేనే ఆ మాట వర్తిస్తుందా? ఈ ప్రశ్న వేసింది ఏ హాస్యరచయితో కాదు, సుప్రీంకోర్టు. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న వచ్చిన తీర్పులో, చట్టంలో వాడిన ఒక్క క్రియావిశేషణం మీద న్యాయమూర్తి ఇలా లెక్క అడిగాడు. ఆ లెక్కకు చట్టంలో జవాబు లేదు. జవాబు లేని చోట మనిషిని మూడేళ్లు జైల్లో పెట్టే అధికారం మాత్రం ఉంది.

ఆ తీర్పు సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఎ సెక్షన్‌ను కొట్టేసిందని చాలామందికి తెలుసు. ఎలా కొట్టేసిందో చదివినవారు తక్కువ. నూట ఇరవై పేజీలు దాటిన ఆ తీర్పు ఫలితం కంటే దాని పనితనం మీద నాకు మక్కువ. నగ తాకట్టుకు వచ్చినప్పుడు కంసాలి దాన్ని గీటురాయి మీద గీస్తాడు, తూకం వేస్తాడు, రాళ్ల బరువు విడిగా తీసేస్తాడు. ఈ తీర్పు చట్టంలోని మాటలతో ఆ పనే చేసింది.

ముందు ఆ సెక్షన్ సంగతి. 2008 సవరణతో చట్టంలోకి వచ్చి, 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. కంప్యూటర్ ద్వారాగానీ ఫోన్ ద్వారాగానీ ‘తీవ్రంగా నొప్పించే’ లేదా ‘బెదిరించే’ సమాచారం పంపినా, అబద్ధమని తెలిసీ చిరాకు, అసౌకర్యం, అవమానం, ద్వేషం వంటివి కలిగించడానికి పదేపదే పంపినా, చిరాకు పెట్టే ఉద్దేశంతో మెయిల్ పంపినా నేరమే. చిరాకు! తెల్లారకముందే గులాబీ పువ్వుతో శుభోదయం చెప్పే బాబాయిలు లేని వాట్సాప్ గ్రూపు తెలుగుదేశంలో ఉందా? చిరాకు పెట్టాలన్నది ఆ బాబాయి ఉద్దేశం కాదంటారు. నిజమే. కానీ ఉద్దేశం ఏమిటో ముందుగా తేల్చేది స్టేషన్‌లో కూర్చున్న ఎస్సైగారు.

అలా తేల్చారు కూడా. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణం తర్వాత ముంబయి మూతపడటాన్ని ప్రశ్నిస్తూ పాల్ఘర్‌లో ఒక యువతి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో యువతి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. అది చూసి ఢిల్లీకి చెందిన శ్రేయా సింఘాల్ అనే విద్యార్థిని సుప్రీంకోర్టు తలుపు తట్టింది. కేసు నడుస్తుండగానే 2013 మేలో మన చీరాల పేరు కూడా అందులో వినబడింది. అక్కడి ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో రాశారని ఒక పౌరహక్కుల నాయకురాలిని అరెస్టు చేస్తే విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పై అధికారి అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద ఎవరినీ అరెస్టు చేయవద్దని కోర్టు అప్పటికి సరిపెట్టింది.

ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అది. ఒకరు జాస్తి చలమేశ్వర్, కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చదివినవారు. రెండోవారు రోహింటన్ ఫాలీ నారిమన్. తీర్పు రాసింది నారిమన్. వకీలుగా ఉంటూ నేరుగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

మొదటి విశేషం, పాల్ఘర్ యువతుల కథను తీర్పు విస్తరించి చెప్పలేదు. చెబితే కళ్లు చెమర్చే కథ అది, పత్రికలకు శీర్షిక దొరికేది. కానీ ఆ అరెస్టు అన్యాయమని తేల్చితే దోషం పోలీసుల మీద పడుతుంది, సెక్షన్ మాత్రం చెక్కుచెదరదు. నారిమన్ చూపు సెక్షన్ మీదే నిలిచింది.

తర్వాత దాని వంశవృక్షం తీశాడు. ఈ మాటల మూలం 1935 నాటి బ్రిటిష్ పోస్టాఫీసు సవరణ చట్టంలో ఉంది. టెలిఫోన్ చేసి జనాన్ని వేధించేవాళ్ల కోసం రాసిన నిబంధన అది. ఒకరు ఫోన్ చేస్తారు, ఒకరు ఎత్తుతారు, అంతే. మారుతూ మారుతూ అది 2003 బ్రిటిష్ కమ్యూనికేషన్స్ చట్టంలో 127వ సెక్షన్ అయింది. అక్కడ గరిష్ఠ శిక్ష ఆరు నెలలు. మన దగ్గరికొచ్చేసరికి మూడేళ్లయింది. ఒక మనిషి చెవిలో మాట్లాడే యంత్రం కోసం కుట్టిన చొక్కాను ఊరంతా ఒకేసారి మాట్లాడుకునే రచ్చబండకు తొడిగారన్నమాట.

నాకు బాగా నచ్చిన ఘట్టం దీని తర్వాతది. ‘తీవ్రంగా నొప్పించే’, ‘బెదిరించే’ అన్న మాటలకు అర్థం నిలకడగా ఉండదని నిరూపించాలి. నిఘంటువులు తిరగేయవచ్చు, ఉపన్యాసం ఇవ్వవచ్చు. నారిమన్ అలా చేయకుండా ఇంగ్లండులో అవే మాటల మీద నడిచిన రెండు కేసులు తెచ్చి పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో తన ఎంపీ కార్యాలయానికి ఫోన్లు చేసి జాతి దూషణలు చేసిన మనిషి ఉన్నాడు. కింది మేజిస్ట్రేట్లూ, వాళ్ల పైన హైకోర్టు జడ్జీలూ ఆ మాటలు తీవ్రంగా నొప్పించేవి కావన్నారు. 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అవునంది. రెండోదాంట్లో మంచు వల్ల విమానాశ్రయం మూతపడితే, తెరవకపోతే పేల్చేస్తానని ట్విట్టర్‌లో ఎకసెక్కంగా రాసిన యువకుడు ఉన్నాడు. రెండు కింది కోర్టులు అది బెదిరింపేనన్నాయి, 2012లో హైకోర్టు కాదంది. తర్ఫీదు పొందిన న్యాయమూర్తులే ఒక మాట దగ్గర తలో దారి పడితే, పౌరుడు ఏ గీత దాటకూడదో ముందుగా ఎలా తెలుసుకుంటాడు? వాదన మొత్తం ఆ రెండు కేసులే చేశాయి.

మాటలు ఖచ్చితంగా రాయడం కుదరదని ప్రభుత్వం తప్పించుకోకుండా ఆ దారి కూడా మూశాడు. అదే చట్టంలో పక్కనున్న సెక్షన్లు చూడమన్నాడు. అనుమతి లేకుండా మనిషి ఆంతరంగిక చిత్రాలు తీయడాన్ని నేరంగా చెప్పే 66-ఇ ఉంది. చిత్రం తీయడమంటే ఏమిటి, పంపడమంటే ఏమిటి, ఆంతరంగికమంటే ఏమిటి, అన్నిటికీ వివరణ ఉంది. 66-ఎఫ్‌లో సైబర్ ఉగ్రవాదానికి హద్దులున్నాయి. చట్టం రాసిన ఆ చెయ్యికి కుదురైన కుట్టు తెలుసు, 66-ఎ దగ్గర మాత్రం కుట్టలేదు. పాత మధ్యప్రదేశ్ గూండా చట్టం కేసు కూడా గుర్తు చేశాడు. గూండా అంటే ఎవరో సరిగ్గా చెప్పని చట్టం అప్పుడూ నిలవలేదు.

తీర్పుకు వెన్నెముక మూడు మాటలు. చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం. ఒక విషయాన్ని చర్చించవచ్చు, ఎంత అప్రియమైనదైనా దాన్ని సమర్థించవచ్చు. అది రెచ్చగొట్టడం దాకా వెళ్లినప్పుడే, వాక్‌స్వాతంత్ర్యానికి హద్దులు చెప్పే రాజ్యాంగంలోని 19(2) అధికరణ కింద రాజ్యం చెయ్యి వేయగలదు. ఆ అధికరణలో చెప్పిన కారణాల జాబితాలో ప్రజాప్రయోజనం అనే మాట లేదని కూడా గుర్తుచేశాడు. మన దగ్గర ఏ నిషేధానికైనా తగిలించే తోక అది.

ప్రభుత్వం ఆ జాబితాలోంచి నాలుగు కారణాలు చూపింది. పరువునష్టం అంది. ఈ సెక్షన్‌కు పరువుతో పని లేదు, చిరాకు చాలు. నేరానికి పురిగొల్పడం అంది. చిరాకు పెట్టడం పురిగొల్పడం కాదు. మర్యాద అంది. నొప్పించే ప్రతిదీ అశ్లీలం కాదు. ప్రజాశాంతి అంది. ఒక్కరికి పంపిన కబురుకూ లక్షమందికి పంపిన దానికీ ఈ సెక్షన్ తేడా చూపనే లేదు, ఒక్కరి ఫోన్‌లో మోగింది ఊరి శాంతిని ఎలా చెడగొడుతుంది? మేం దుర్వినియోగం కానివ్వమని అదనపు సొలిసిటర్ జనరల్ హామీ ఇచ్చారు. ప్రభుత్వాలు వస్తుంటాయి, పోతుంటాయి, చట్టం మాత్రం ఉండిపోతుంది, కాబట్టి ఒక ప్రభుత్వం హామీ తర్వాతిదాన్ని కట్టిపడేయలేదని జవాబు.

కొంత ఉంచి కొంత తీసేయడం కుదురుతుందా అని కూడా చూశాడు. అక్కడ 1950 నాటి రొమేశ్ థాపర్ కేసు పనికొచ్చింది. ‘క్రాస్ రోడ్స్’ పత్రికను మద్రాసు ప్రభుత్వం నిషేధిస్తే సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసిన కేసు అది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మన ఆంధ్ర జిల్లాలూ ఉన్నాయి. తప్పుకూ ఒప్పుకూ ఒకేలా వర్తించే చట్టాన్ని విడదీయలేమన్న ఆనాటి సూత్రంతో 66-ఎ మొత్తం పోయింది. కేరళ పోలీసు చట్టంలో దానికి తోబుట్టువులాంటి 118(డి) కూడా పోయింది.

అయితే పిటిషనర్లు అడిగిందల్లా ఇవ్వలేదు, ఆ నిగ్రహం కూడా పనితనమే. ఇంటర్నెట్‌కు వేరే చట్టమెందుకు, ఇది వివక్ష అని వాళ్లు వాదించారు. ఒప్పుకోలేదు. క్షణంలో దేశమంతా పాకే మాధ్యమానికి ప్రత్యేక నేరాలు నిర్వచించుకోవచ్చు, నిర్వచనం మాత్రం సరిగ్గా ఉండాలన్నాడు. ఇతరుల రాతలకు వేదికైన కంపెనీల బాధ్యత గురించి చెప్పే 79వ సెక్షన్‌ను కొట్టేయకుండా అర్థం బిగించాడు. ఎవరో ఫిర్యాదు చేయగానే గూగులో ఫేస్‌బుక్కో తామే జడ్జీలై తీసేయనక్కరలేదు, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో రావాలి. కోట్ల ఫిర్యాదుల్లో ఏది న్యాయమో కంపెనీలు ఎలా తేలుస్తాయన్న ప్రశ్నలో లోకజ్ఞానం ఉంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక వదులు కుట్టు చూపించకపోతే పక్షపాతం అవుతుంది. వెబ్‌సైట్లనూ పోస్టులనూ ఆపే 69-ఎ సెక్షన్ మీద తీర్పు కొన్ని పేజీల్లోనే ముగిసింది. కారణాలు రాతలో నమోదు చేయాలి, వాటిని హైకోర్టులో సవాలు చేయవచ్చు, కాబట్టి రక్షణ ఉందంది. కానీ ఆ సెక్షన్ కింద చేసిన 2009 నాటి నిబంధనల్లోనే అభ్యర్థనలూ చర్యలూ గోప్యంగా ఉంచాలన్న 16వ నిబంధన ఉంది. రాసినవాడి చేతికి అందని కారణాన్ని అతడు కోర్టులో ఎలా సవాలు చేస్తాడు? ‘పదేపదే’ అన్న మాటను ఎనిమిదిసార్లు తిప్పి చూసిన కన్ను ‘గోప్యంగా’ అన్న మాటను ఒక్కసారి కూడా గీటురాయి మీద పెట్టలేదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 ఆప్‌లను ఆపింది ఆ సెక్షన్ కిందే. ఆ ఆప్‌లు ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. సెక్షన్ మీద ఇంకో ఇరవై పేజీలు రాసి ఉంటే బాగుండేదన్నదే నా బాధ.

కథ తీర్పుతో ముగియలేదు. 2021లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ మళ్లీ కోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది మార్చికి 11 రాష్ట్రాల్లో 66-ఎ కింద 745 కేసులు ఇంకా నడుస్తున్నాయని లెక్క చూపింది. ఆరేళ్ల కిందట చచ్చిన సెక్షన్ కింద! జులైలో ఆ విషయం విన్న ధర్మాసనంలో నారిమన్ కూడా ఉన్నారు, విని నిర్ఘాంతపోయారు. అటార్నీ జనరల్ చెప్పిన కారణం మాటల మీద ఇంత శ్రమపడిన తీర్పుకు విచిత్రమైన కొసమెరుపు. చట్టం పుస్తకాల్లో సెక్షన్ పూర్తిగా అచ్చవుతోంది, దాన్ని కొట్టేశారన్న సంగతి మాత్రం అడుగున చిన్న ఫుట్‌నోట్‌లో ఉంటోంది.

2022 అక్టోబరు 12న సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశాలిచ్చింది. ఈ సెక్షన్ కింద ఎవరినీ ప్రాసిక్యూట్ చేయకూడదు. సర్కారువైనా ప్రైవేటువైనా, ఈ చట్టం గురించి వేసే ప్రచురణలు 66-ఎను ఉటంకిస్తే అది రాజ్యాంగ విరుద్ధమని తేలిన సంగతి పాఠకులకు తగినట్టు తెలపాలి. ఈ వ్యాసంలో ఆ సెక్షన్ ప్రస్తావన చాలాసార్లు వచ్చింది, పదేపదే అన్నా తప్పులేదు. అందుచేత పాఠకులకు తెలియజేయునది: సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66-ఎ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. అది చెల్లదు.